స్తంభాన్ని సేవకుడితో కొట్టించే విలన్లు

1959లో వచ్చిన డిస్నీ యానిమేషన్ ‘స్లీపింగ్ బ్యూటీ’లో మాలెఫిసెంట్ అనే మంత్రగత్తె పసిబిడ్డకు శాపం పెట్టడానికి ఒక్కటే కారణం. రాజుగారింట్లో పాప పుట్టిన వేడుకకు ఊరందరినీ పిలిచి తనను పిలవలేదు. పదహారో పుట్టినరోజున పొద్దుగూకేలోగా రాట్నం కదురు వేలికి గుచ్చుకుని ఈ పిల్ల చచ్చిపోవాలంటుంది. అంతే. ఆమెకు చిన్ననాటి కష్టాలు లేవు, ఎవరూ మోసం చేయలేదు. పిలవని పేరంటానికి వచ్చి, అనవలసిన మాట అనేసి వెళ్లిపోయింది. పిల్లల సినిమాకు ఇంత చిన్న కారణం సరిపోతుందా అని కొందరికి అనిపించవచ్చు. పెళ్లికి బొట్టు పెట్టి పిలవలేదని అక్కచెల్లెళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లు చూసిన మనకు మాత్రం అది చిన్న కారణమేమీ కాదు.

2014లో ఇదే కథను రాబర్ట్ స్ట్రామ్‌బర్గ్ నటులతో తీశాడు. సినిమా పేరే ‘మాలెఫిసెంట్’. ఏంజెలినా జోలీ ఆ పాత్ర వేసింది. ఇందులో ఆమె రెక్కలతో అడవి మీద ఎగిరే అమ్మాయి. స్టీఫన్ అనే కుర్రాణ్ణి నమ్ముతుంది. వాడు పెద్దవాడయ్యాక సింహాసనం మీద ఆశతో ఆమెకు మత్తుమందు పట్టి, నిద్రలో రెక్కలు కోసుకుపోతాడు. తర్వాత పుట్టిన పాప ఆ స్టీఫన్ కూతురు. ఇక శాపం పెడితే తప్పు పట్టేదెవరు? ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 75 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్టూడియోలకు దారి దొరికిపోయింది. పాత బొమ్మల సినిమాలో పిల్లల్ని దడిపించిన విలన్‌ను పట్టుకో, చిన్నప్పుడు ఎవరు ఏడిపించారో కనిపెట్టు, పెద్ద హీరోయిన్‌కు ఆ వేషం కట్టబెట్టు.

విలన్‌కు ఫ్లాష్‌బ్యాక్ పెట్టడం తప్పని నేననను. ఫ్లాష్‌బ్యాక్ లేకుండా మన సినిమాల్లో వీధి రౌడీ కూడా కత్తి పట్టడు. నా పేచీ వేరే చోట ఉంది. గతాన్ని ఒక చేత్తో ఇస్తూ, ఇంకో చేత్తో విలన్ దగ్గర నుంచి పనిని లాగేసుకుంటున్నారు. ఆమె ఎందుకంత చెడ్డదైందో గంటసేపు చెబుతారు. తీరా చెడ్డ పని చేయాల్సిన ఘట్టం వచ్చేసరికి ఆ పని ఆమెతో చేయించరు.

పాత సినిమా క్లైమాక్స్ గుర్తు చేసుకోండి. రాకుమారుడు ముళ్లకంప నరుక్కుంటూ కోట దాకా వస్తాడు. దారికి అడ్డంగా మాలెఫిసెంట్ వచ్చి నిలబడి, మంటల మధ్య తానే నల్లని డ్రాగన్‌గా మారిపోతుంది. యానిమేషన్ చరిత్రలో ఇంత భయపెట్టిన క్షణాలు చాలా కొద్ది. 2014 సినిమాలోనూ డ్రాగన్ ఉంది. కాకపోతే అది ఆమె కాదు. ఆమె వెంట తిరిగే కాకి ఉంది కదా, డియావల్, దాన్ని డ్రాగన్‌గా మారుస్తుంది. తను ఇనుప వల కింద చిక్కుకుని ఉంటుంది. ఆ పాత్ర మొత్తానికి గుర్తుండిపోయే పని తీసుకెళ్లి సేవకుడికి అప్పజెప్పారు.

ఒక్కసారే జరిగితే ఏదో సౌలభ్యం కోసం అనుకోవచ్చు. కానీ 2019లో గై రిచీ తీసిన ‘అలాద్దీన్’ చూడండి. 1992 యానిమేషన్‌లో జాఫర్ చివర్లో బ్రహ్మాండమైన నాగుపాముగా మారి అలాద్దీన్‌ను చుట్టేస్తాడు. చేతి కర్రకు పాము తల ఉన్నవాడు పామైపోవడం ఎంత సహజం! 2019లో మార్వన్ కెంజారీ వేసిన జాఫర్ పాముగా మారడు. అతని చిలుక ఇయాగోను రాకాసి పక్షిగా పెంచి తరుముతాడు. రెండు సినిమాల్లోనూ విలన్ చేయాల్సిన రాక్షసత్వం పక్షుల మీద పడింది. యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం అలా అనిపించదు. డబ్బు పోసి తెచ్చుకున్న తార ముఖాన్ని అసలు ఘట్టంలో గ్రాఫిక్స్ వెనక దాచడం ఎవరికి ఇష్టం? దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. తనే డ్రాగనై సైనికుల్ని కాల్చేస్తే, అంతసేపూ ఆమె కోసం కళ్లు తుడుచుకున్న ప్రేక్షకుడు ఆమెను ఏమనుకోవాలో తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ తేల్చుకోవడం లేకుండా చేయడానికే పక్షి. 2019లో వచ్చిన రెండో భాగంలో ఆమె స్వయంగా ఫీనిక్స్ పక్షి అవుతుంది. అప్పటికి ఆమె పూర్తిగా మంచిదైపోయింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. విలన్ పని చేయడానికి మిషెల్ ఫైఫర్‌ను కొత్త రాణిగా తెచ్చుకున్నారు.

ఈ తంతులో ఇంకో లెక్క కూడా ఉంది. ఒక విలన్‌ను కడిగి ఆరేశాక ఆ మురికి ఎక్కడో ఒకచోట పోయాలి. మాలెఫిసెంట్ మురికి స్టీఫన్ మీద పడింది. పాత సినిమాలో అతను కూతురి కోసం రాట్నాలన్నీ కాల్పించిన మామూలు తండ్రి. కొత్తదానిలో పిచ్చెక్కిన క్రూరుడు. క్రూయెల్లా మురికి బారొనెస్ మీద పడింది.

క్రూయెల్లా సంగతి వివరంగా చెప్పుకోవాలి. మాలెఫిసెంట్‌ను, క్రూయెల్లా డి విల్‌ను గీసింది ఒకరే, మార్క్ డేవిస్. 1959లో ఒకరిని, 1961లో ‘వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్’ కోసం ఇంకొకరిని. ఇద్దరికీ పోలిక లేదు. మాలెఫిసెంట్ దాదాపు కదలదు. నిలువుగా నిలబడి, కొమ్ములు, పొడవాటి అంగరఖా, చేతిలో కర్ర, మాటకు తగ్గట్టు కాస్త మాత్రమే తిరిగే తల. ఆమెకు గొంతిచ్చిన ఎలినార్ ఆడ్లీ 1950 ‘సిండరెల్లా’లో సవతి తల్లికి కూడా గొంతిచ్చింది. అరవకుండా, నింపాదిగా మాట్లాడుతూ బెదిరించే గొంతు అది. క్రూయెల్లా దీనికి పూర్తిగా ఎదురు. కోటు లోపల ఎముకలు తప్ప ఏమీ లేనట్టున్న మనిషి, ఒక్కచోట కుదురుగా ఉండదు. సగం నలుపు సగం తెలుపు జుట్టు, పొడవాటి సిగరెట్ హోల్డర్, గదంతా పొగ. ఆమెకు కావలసింది కుక్కపిల్లల చర్మంతో కోటు. ఎందుకంటే ఆమెకు కోట్లంటే పిచ్చి. ఇంతకన్నా వివరణ ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు.

1996లో గ్లెన్ క్లోజ్ ఈ పాత్రను రక్తమాంసాలతో వేసింది. ఆమె కారణాలు వెతకలేదు. గీత ఎంత పెద్దగా ఉందో నటన అంత పెద్దగా చేసింది. కళ్లు, పళ్లు, వేళ్లు అన్నీ ఒక మోతాదు ఎక్కువే. మన పౌరాణికాల్లో ‘ఓవర్’ అని ఎవరూ అనని ఎక్కువ అది. 2021లో క్రెయిగ్ గిల్లెస్పీ తీసిన ‘క్రూయెల్లా’లో ఎమ్మా స్టోన్ వేసింది ఇంకో మనిషిని. ఆమె ప్రతిభ ఉన్న అనాథ, ఫ్యాషన్ డిజైనర్. తల్లిని కొండ మీద నుంచి పడేసింది డాల్మేషియన్ కుక్కలు. వాటిని ఉసిగొల్పింది బారొనెస్, అంటే ఎమ్మా థాంప్సన్. కుక్కల చర్మంతో కోటు కుట్టిందని బారొనెస్‌ను నమ్మిస్తుంది గానీ నిజానికి ఒక్క కుక్కకూ చెయ్యి తగలనివ్వదు. సినిమా చూడటానికి బాగుంది, కాదనను. జెన్నీ బీవన్ దుస్తులకు ఆస్కార్ కూడా వచ్చింది. కానీ కుక్కల జోలికి పోని క్రూయెల్లాను క్రూయెల్లా అని ఎందుకు పిలవాలి? కొత్త పేరు పెట్టుకుంటే ఆ డిజైనర్ కథ ఇంకా హాయిగా నడిచేది. పాత పేరు లేకపోతే టికెట్లు తెగవని భయం, పాత పని ఉంటే తిట్లు పడతాయని ఇంకో భయం. రెండు భయాల మధ్య తయారైన విలన్ ఇలాగే ఉంటుంది.

విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు ఫ్యాన్సీ డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక చిన్న షాపుంది. స్కూళ్ల వార్షికోత్సవాల సీజన్లో కాలు పెట్టడానికి చోటుండదు. గోడకు వరసగా అట్ట గదలు, బంగారు కాగితం అంటించిన కిరీటాలు, గుడ్డ సంచిలో కలగాపులగంగా మీసాలు. మూలన థర్మాకోల్ రావణుడి తలలు, దుమ్ము పట్టి, అందులో ఒకదానికి ముక్కు విరిగి ఉంది. వాటి పక్కనే కొక్కేనికి నల్లటి కొమ్ముల టోపీ. ఏది ఎక్కువ పోతుందని అడిగితే షాపాయన నవ్వాడు. "ఏటి సార్, రావణుణ్ని ఎవులడుగుతున్నారిప్పుడు? తొమ్మిది తలకాయలు తగిలిస్తే పిల్లోడు మెడ వాల్చీస్తాడు. ఈ కొమ్ములైతే రెండే. పెట్టీసుకోగానే ఆడపిల్లలు నడకే మార్చీస్తారు."

ఆ మాట అబద్ధం కాదు. నేనుండగానే ఒక పాప, ఆరేడేళ్లుంటాయి, ఆ టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. గడ్డం పైకెత్తింది. మెడ నిటారైంది. వాళ్లమ్మ "చున్నీ సరిచేసుకోవే" అంటే తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి చూసింది. ఆ చూపు మార్క్ డేవిస్ గీసిన చూపే. రెక్కలు పోగొట్టుకున్న దుఃఖం ఆ పిల్ల మొహంలో ఎక్కడా లేదు. పిల్లలకు అంటుకుంది ఆ నిలబడటం, ఎవరినీ లెక్కచేయకపోవడం. జోలీ నటనలోనూ బలమైన భాగం అదే. రిక్ బేకర్ చేసిచ్చిన కృత్రిమ చెంప ఎముకలు, కొమ్ములు పెట్టుకుని సెట్ మీదకు వస్తే చిన్నపిల్లలు దగ్గరకు రాలేదట. చివరికి శాపం తగిలిన చిన్నారి అరోరాగా జోలీ సొంత కూతుర్నే నిలబెట్టాల్సి వచ్చింది, ఆ కొమ్ముల వెనక అమ్మే ఉందని తెలిసిన పిల్ల ఆమె ఒక్కతే కాబట్టి. ఆ వేషానికి అంత శక్తి ఉంది. కథ దాన్ని వాడుకోవడానికి జంకింది.

మరి విలన్‌కు గతం ఇచ్చి కూడా జంకకుండా ఉండటం సాధ్యమా? దీనికి జవాబు వెతుక్కోవడానికి విశాఖవాసులు ఎక్కువ దూరం పోనక్కర్లేదు. సింహాచలం బస్సెక్కితే చాలు.

సింహాచలం స్థలపురాణం ఒక విలన్ చేసిన పనితో మొదలవుతుంది. హిరణ్యకశిపుడి భటులు ప్రహ్లాదుణ్ణి సముద్రంలోకి తోసి, లేవకుండా పైన కొండ పెట్టబోతే స్వామి వచ్చి కాపాడాడని, ఆ కొండే సింహగిరి అని చెబుతారు. రోజూ ఆ కొండ నీడలో ఆఫీసులకు, కాలేజీలకు తిరిగే ఊరు మనది. ఇక ఈ విలన్‌కు ఫ్లాష్‌బ్యాక్ లేదా? ఏ స్టూడియో రాయలేనంత పెద్దది ఉంది. జయవిజయులు వైకుంఠ ద్వారపాలకులు. సనకాది మునుల్ని గుమ్మం దగ్గర ఆపినందుకు శాపం తగిలింది. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అంటే, త్వరగా స్వామి దగ్గరకు తిరిగి రావచ్చని శత్రుత్వాన్నే కోరుకున్నారు. అందులో ఒక జన్మ ఈ హిరణ్యకశిపుడు. దాని మీద తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి వరాహావతారంలో విష్ణువే చంపాడు. అంటే పగకు సొంత కారణం కూడా ఉంది. సింహాచలంలో కొలువైంది వరాహ, నారసింహ రూపాలు కలిసిన స్వామి. ఆ అన్నను, ఆ తమ్ముణ్ణి చంపిన రెండు అవతారాలూ అక్కడే ఒకే మూర్తిలో ఉన్నాయి.

ఇంత గతం ఉన్నా ఏ పౌరాణికుడూ ‘పాపం, అతని తప్పేముంది’ అని కథ ముగించడు. పోతన భాగవతంలో ఏం జరుగుతుందో చూడండి. ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం, విషం, నిప్పు, సముద్రం, కొండ... ఇవన్నీ భటులతో చేయించినవే. ఆ శిక్షల్లో దేనికీ తండ్రి స్వయంగా చెయ్యి వేయడు. అప్పటిదాకా అతను కూడా పక్షిని పంపే విలనే అనుకోండి. ‘ఇందుగలడందు లేడని’ అన్న పద్యం చిన్నప్పుడు అప్పజెప్పని తెలుగువాడు అరుదు. ఆ మాట విన్నాక మాత్రం అతను భటుల్ని పిలవడు. సింహాసనం దిగి వస్తాడు. స్తంభాన్ని తానే కొడతాడు. ఆ దెబ్బకే కథ తిరుగుతుంది. జయవిజయుల శాపం మనకు ముందే తెలుసు, తమ్ముడి చావూ తెలుసు. అయినా ఆ దెబ్బ బాధ్యత పూర్తిగా అతనిదే, ఆ దెబ్బ గొప్పతనం కూడా అతనిదే.

అందుకే మన ఆటల్లో ఈ విలన్ అంత పెద్దవాడు. శ్రీకాకుళం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాలోకి వెళ్తే అక్కడ ప్రహ్లాద నాటకం ఆడతారు. పేరు ప్రహ్లాదుడిదే గానీ ఆట హిరణ్యకశిపుడిది. మెట్లు కట్టిన ఎత్తైన వేదిక మీద రాజు ఉంటాడు. ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆ వేషగాడు ఊగిపోవడం చూడటానికే జనం కూర్చుంటారు. ఎస్.వి.రంగారావు సంగతి చెప్పేదేముంది? 1967 ‘భక్త ప్రహ్లాద’లో ఆయన హిరణ్యకశిపుణ్ణి చూసి పెద్దవాళ్లు కూడా సీట్లో సర్దుకున్నారు. సినిమాల్లోకి రాకముందు పక్కనే విజయనగరంలో ఫైర్ సర్వీసులో పనిచేసిన మనిషి. నిప్పులార్పే ఉద్యోగం మానేసి జీవితాంతం నిప్పులు కురిపించాడు! ఆ పాత్రలో ఆయన తండ్రితనాన్ని వదల్లేదు. కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని చదువు అప్పజెప్పమన్నప్పుడు ఆ కళ్లలో మామూలు ఇంటి తండ్రి ఆశే ఉంటుంది. ఆ ఆశ చూశాం కాబట్టే తర్వాత వచ్చే కోపం భయం పుట్టిస్తుంది. జాలి కలిగించాడు, క్షమాభిక్ష మాత్రం అడగలేదు.

1977లో ఎన్.టి.రామారావు ‘దానవీరశూర కర్ణ’ తీసి, అందులో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేశాడు. మామూలు లెక్క ప్రకారం దుర్యోధనుడు ఆ కథలో విలన్. ఆ విలన్‌కు రాజసం, చమత్కారం ఇచ్చాడు. కర్ణుడి కులం ఎత్తిచూపిన సభను నిలదీసే నోరు ఇచ్చాడు. ‘చిత్రం భళారే విచిత్రం’ అనే డ్యూయెట్ కూడా ఇచ్చాడు. విలన్‌కు డ్యూయెట్! ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఇది పూర్తి స్థాయి రీఇమాజినింగ్. అయినా యుద్ధం అతను కోరి తెచ్చుకున్నదే అన్న సంగతి సినిమా ఎక్కడా దాచదు. దుర్యోధనుడు బాగా కనిపించడానికి భీముణ్ణి దుర్మార్గుడిగా మార్చాల్సిన అవసరమూ రాలేదు.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది, దాటేయకూడదు. విలన్‌ను విలన్ చేసిందెవరు? గీసిన చెయ్యి ఎవరిది? 1992 ‘అలాద్దీన్’లో హీరో హీరోయిన్లు అమెరికా పిల్లల్లా మాట్లాడతారు. జాఫర్‌కూ, కత్తులు దూసే భటులకూ మాత్రం ‘పరాయి’ ముఖాలు పెట్టారు. ఆ సినిమా మొదటి పాటలో ఒక వాక్యం మీద అరబ్ అమెరికన్లు అభ్యంతరం చెబితే 1993లో వీడియో విడుదలప్పుడు మార్చారు. ‘లిటిల్ మర్మెయిడ్’లో అర్సులా ఆకారానికి ప్రేరణ డివైన్ అనే డ్రాగ్ కళాకారుడు. ఆడతనం, మగతనం గీతలు చెరిపేసిన మనిషిని సముద్రపు రాకాసిగా గీశారు. ఇలాంటి చోట పాత విలన్‌ను తిరగరాయడానికి న్యాయమైన కారణం ఉంది. మనకిది కొత్త కాదు. శంబూకుడి తరఫున త్రిపురనేని రామస్వామి చౌదరి నాటకం రాసి వందేళ్లు దాటింది. ఓల్గా ‘విముక్త’ కథల్లో శూర్పణఖ ఎదురవుతుంది. ముక్కు చెవులు కోసేసిన తర్వాత ఆమె ఏమైందని ఎవరు అడిగారు? ఓల్గా అడిగింది. ఆమె శూర్పణఖ అడవిలో అందమైన తోట పెంచింది. సీతతో కూర్చుని మాట్లాడుతుంది.

చాలామంది ఇలాంటి రచననూ ‘మాలెఫిసెంట్’నూ ఒకే గాటన కడతారు. నాకు తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఓల్గా శూర్పణఖకు ఉన్న గాయం పాత కథలోదే, కొత్తగా కల్పించింది కాదు. రచయిత్రి కల్పించింది గాయం తర్వాతి జీవితాన్ని, అంటే పనిని. స్టూడియో చేసింది దీనికి తలకిందులు. లేని గాయం కల్పించి, ఉన్న పని తీసేసింది. 2019 జాఫర్ విషయమే తీసుకోండి. తానూ ఒకప్పుడు అలాద్దీన్‌లాంటి దొంగనే అని ఒక మాట అనిపించారు. మంచి విత్తనం అది. వీధి దొంగ వజీరు దాకా ఎలా ఎదిగాడో చెబితే హీరోకు అద్దం పట్టినట్టుండేది. ఆ ఒక్క మాటతో వదిలేసి, అందమైన నటుణ్ణి పెట్టి, అరబ్ విలన్ గొడవ తీరిందనుకున్నారు.

ఈ కొలతతో చూస్తే నాకు మర్యాదగా కనిపించేది, కాస్త ఆశ్చర్యంగానే, 2024లో బ్యారీ జెంకిన్స్ తీసిన ‘ముఫాసా’. లైవ్ యాక్షన్ అని పిలుస్తారు గానీ ఈ సింహాల సినిమాలు నిజానికి కంప్యూటర్ బొమ్మలే. 2019 ‘లయన్ కింగ్’లో కెమెరాతో నిజంగా తీసింది సూర్యోదయం షాట్ ఒక్కటే. ఆ 2019 సినిమాతో నాకున్న గొడవ పాత్ర మార్చారని కాదు, ముఖం తీసేశారని. 1994లో ఆండ్రియాస్ డేజా గీసిన విలన్ సింహం స్కార్‌కు కనుబొమ్మ ఒక్కటి చాలు, వెటకారమంతా అందులోనే ఉండేది. నిజం సింహానికి కనుబొమ్మ ఉండదు. ‘బీ ప్రిపేర్డ్’ పాటను కూడా కుదించి సగం మాటల్లో తేల్చేశారు. తెలుగులో కాస్త గట్టెక్కించింది జగపతిబాబు గొంతు.  తెర మీద సింహం మొహం కదలకపోయినా ఆ గొంతు వినబడగానే మనకు కావలసిన ముఖాన్ని మనమే ఊహించుకున్నాం.

‘ముఫాసా’లో ఆ స్కార్ ఇంకా టాకా అనే కుర్ర సింహం. తెలుగులో ముఫాసాకు మహేష్ బాబు, టాకాకు సత్యదేవ్. విశాఖ కుర్రాడికి విలన్ కాబోయే పాత్ర దక్కడం మన ఊళ్లో కొంతమందికి నిష్ఠూరంగా ఉన్నా, నటుడికి అదే మంచి బేరం. టాకాకు గతం బాగానే ఇచ్చారు. నీళ్లలో కొట్టుకుపోతున్న ముఫాసాకు అన్నలా అండగా నిలుస్తాడు. తండ్రి మోసం నేర్పుతాడు. తను ఇష్టపడ్డ సరాబి మనసు ముఫాసా మీద ఉందని తెలుస్తుంది. అప్పుడు అతను ఏం చేస్తాడు? తరుముతున్న శత్రువు కిరోస్‌కు తమ జాడ తనే చూపిస్తాడు. ఎవరో మాయ చేయలేదు, ఎవరో బలవంతపెట్టలేదు. అసూయ పుట్టింది, ద్రోహం చేశాడు. తర్వాత మనసు మార్చుకుని అడ్డుపడినప్పుడు తగిలిన దెబ్బే కంటి మీద మచ్చ. సినిమా సాగదీతగానే ఉంది, పాటలు నిలవవు. కానీ ఆ ద్రోహాన్ని అతని చేతుల్లోనే ఉంచారు. సత్యదేవ్ గొంతులో చివరికి వచ్చే బింకం, తప్పు తెలిసినవాడి బింకం, అందుకే నిలబడింది.

గతం ఏమీ కల్పించకుండా వదిలేస్తే మాత్రం బాగుపడిపోతుందా అంటే అదీ లేదు. 2025 ‘స్నో వైట్’లో గాల్ గాడోట్ రాణికి పెద్ద కన్నీటి కథ లేదు. అయినా పేలవం. 1937 సినిమాలో ఆ రాణి అందం కోసం పడి చచ్చే మనిషి. పగ తీర్చుకోవడానికి ఆ అందాన్నే మందు తాగి పోగొట్టుకుని ముసలిదవుతుంది. అంత మూల్యం చెల్లిస్తోందన్న స్పృహ కొత్త రాణి మొహంలో లేదు. నగలు బాగున్నాయి. 2023 ‘లిటిల్ మర్మెయిడ్’లో మెలిస్సా మెకార్తీ అర్సులా నయం. ఆమెను సముద్రరాజుకు చెల్లెల్ని చేశారు, కానీ ఒప్పందం తనే కుదుర్చుకుంటుంది, సముద్రమంత తనే పెరుగుతుంది, ఆ పెరిగిన ఒంటితోనే కూలిపోతుంది. పక్షుల్ని పంపలేదు.

మన వైపు కూడా తప్పులు తక్కువేం కావు. 2023 ‘ఆదిపురుష్’లో సైఫ్ అలీఖాన్ రావణుణ్ణి కొత్తగా ఊహించామన్నారు. ఆ ఊహ జుట్టు, గడ్డం దగ్గరే ఆగిపోయింది. వేదం చదివినవాడు, వీణ వాయించినవాడు, శివుణ్ణి మెప్పించినవాడు ఎందుకు అలా దిగజారాడన్న ప్రశ్న జోలికే పోలేదు. దీనికి విరుగుడుగా అన్నట్టు 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ వెనక్కి నడిచింది. రంగారావు ఒంటితో వేసిన పాత్రను అశ్విన్ కుమార్ మళ్లీ యానిమేషన్‌లో పెట్టాడు. జనం కుటుంబాలతో వచ్చి చూశారు. చివరి ఘట్టంలో హిరణ్యకశిపుడి ఆకారం, నరసింహుడి ఆకారం రెండూ ఒకే కొలతలో పెద్దవి. ఎదురుగా ఉన్నవాణ్ణి చిన్నబుచ్చి దేవుణ్ణి పెద్ద చేయాలనే తెలివితక్కువ పని చేయలేదు.

ఇవన్నీ చూశాక నాకు ఒక్క బెంగ మిగిలింది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ‘పాతాళ భైరవి’ జోలికి వస్తారు. 1951లో రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ణి హీరోగా పెట్టి సినిమా అంటారు. అతనికి చిన్నప్పుడు ఏ రాజో అన్యాయం చేసి ఉంటాడు. తోటరాముడు లోపల దుర్మార్గుడని తేలుతుంది. తీసేవాళ్లు తీయొచ్చు, నేను టికెట్ కొని వెళ్తాను కూడా. ఒక్క షరతు మాత్రం. కథ ఎన్ని మలుపులు తిప్పినా, పాతాళ భైరవి ముందు ఒక కుర్రాణ్ణి బలివ్వాలన్న ఆలోచన ఆ మాంత్రికుడిదే అయి ఉండాలి. ‘డింభకా’ అని నవ్వుతూ పిలిచి, ఆ కుర్రాణ్ణి గుహలోకి తీసుకెళ్లేది కూడా అతనే అయి ఉండాలి. ఆ పని శిష్యుడు సదాజపుడికి అప్పజెప్పారంటే ఇంటర్వెల్‌కే లేచి వచ్చేస్తాను.